మధ్యలో అట్ట

రాజపాళయం
4 ఆగస్టు 2024

మా కళైసెల్వికి,

చిన్నమ్మ మునియమ్మాళ్ రాసేది. ఫోను చేసినావంట, మీ అన్న ముత్తు చెప్పినాడు. నాకు ఫోను వద్దని ఎన్నిసార్లు చెప్పేది నీకు? ముప్పైనాలుగేండ్లు సత్రపట్టి షెడ్డులో బండేజు గుడ్డ మగ్గాల మధ్య నిలబడిన చెవులివి. ఫోనులో నీ గొంతు తెలుస్తాది, మాట తెలియదు. కాగితమైతే ఎన్నిసార్లైనా చదువుకుంటాను. మన తెలుగు మాటనే తమిళ అక్షరాల్లో రాస్తావు కదా, అట్లనే రాయి.

సంగతి ఏందంటే, పోయిన వారం మన పళ్ళికూడానికి నీ పరీక్ష వచ్చినాది! ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష. అయిదో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి కూర్చోబెట్టి మాట్లాడించినారు. కాగితం కింద డాక్టర్ ఎం. కళైసెల్వి అని అచ్చులో నీ పేరు ఉన్నాదని ధనం టీచరమ్మ నన్ను పిలిచి చూపించినాది. "మీ అక్క కూతురు కదా మునియమ్మా?" అన్నాది. "నా కూతురే" అన్నాను. అక్క పోయినప్పుడు నీకు నాలుగేండ్లు. ఇంకా అక్క కూతురేంది?

వీధంతా చెప్పినాను. షెడ్డులో అందరికీ కారాసేవు పంచినాను. మేస్త్రీ బొమ్మయ్య ఉన్నాడే, "డాక్టరంటున్నావు, నా మోకాలికి మందు రాసిస్తాదా?" అని అడుగుతాడు. "మోకాలికి కాదు, నోటికి రాసిస్తాది, ముందు నీ నోటికే" అన్నాను. షెడ్డంతా నవ్వు.

మన ముత్తు కూతురు ఇలక్కియా బాగున్నాది. పళ్ళికూడానికి పోతా ఉన్నాది.

నీ చిన్నమ్మ


హైదరాబాదు
16 ఆగస్టు 2024

చిన్నమ్మా,

నీ జాబు చదివి ఆఫీసులో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. బొమ్మయ్య మామను అడిగానని చెప్పు.

నేను ఇక్కడ ఏం చేస్తుంటానని నువ్వు ఎప్పుడూ అడుగుతావు, నేను సరిగ్గా చెప్పనే లేదు. ఇంట్లో ఒక భాష మాట్లాడుతూ బడిలో ఇంకొకటి నేర్చుకునే పిల్లలకు ఆ రెండోది ఎంత వచ్చిందో ఎలా కొలవాలి? అదే నా పని. పన్నెండేళ్ళుగా అదే పని. నువ్వు గజంబద్దతో గుడ్డ కొలుస్తావు, నేను మాటను కొలుస్తాను. నీ బద్ద నీకు ఎవరో ఇచ్చారు. నా బద్ద నేనే చేసుకోవాల్సి వచ్చింది, అంతే తేడా.

ఈ ఏడాది నలభై బళ్ళలో ఆ పరీక్ష పెట్టారు. జనవరిలో నన్ను ప్రొఫెసరును చేయాలా వద్దా అని పెద్దల సంఘం కూర్చుంటుంది. నాకున్న బలమంతా ఈ పరీక్షే. దానిమీద అచ్చయిన పెద్ద వ్యాసాన్నే వాళ్ళ ముందు పెడుతున్నాను.

సరే, ఇలక్కియాకు ఎంత వచ్చింది? ఇరవైకి పద్దెనిమిదికి తగ్గితే ఒప్పుకోను. పోయిన సెలవుల్లో రాజపాళయం నుంచి శ్రీవిల్లిపుత్తూరు దాకా బస్సులో నా పక్కన కూర్చుని, కిటికీ పక్క సీటు నాకు ఇవ్వకుండా, బయట కనిపించినవన్నీ ఇంగ్లీషులోనే చెబుతూ వచ్చింది. నేను కళ్ళు మూసుకున్నా వదల్లేదు. అలాంటి పిల్ల గురించి నువ్వు ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. నీ సంగతి నాకు తెలియదా? ఏం దాస్తున్నావు?

కళై


రాజపాళయం
1 సెప్టెంబరు 2024

కళై,

అడిగినావు కాబట్టి చెప్తాను. సున్నా.

పరీక్ష పెట్టే ఆమె బల్ల మీద ఒక బొమ్మ పెట్టి, ఇందులో ఏమేమి ఉన్నాదో చెప్పు అన్నాదంట. మన పిల్ల బొమ్మను చూసినాది, ఆమెను చూసినాది, తల వంచుకున్నాది. అయిదు నిమిషాలు. ఒక్క మాట లేదు. మన వీధిలోనుంచి పోయినది పదకొండు మంది పిల్లలు. పదకొండు మందికీ సున్నానే. మిగతా వీధుల పిల్లలకి పది, పన్నెండు, పదిహేను వచ్చినాయి.

కారాసేవు పంచిన చేత్తో సున్నా ఎట్లా రాసేది? సిగ్గయినాది, రాయలేదు.

సిగ్గుతో పోయేదైతే పోనీ అనుకుందును. వచ్చే జూన్‌లో ఆరో తరగతిని రెండు చేస్తారంట. నీ పరీక్షలో పదికి తక్కువైనవాళ్ళందరూ వెనక గదికి. కార్డులో "మెల్లగా నేర్చుకునే పిల్ల" అని రాస్తారంట. ఆ గదికి పోయిన పిల్లకి ఇంగ్లీషు పాఠం ఉండదు. ఆ గదినుంచి నేరుగా ఎక్కడికి వస్తాదో నాకు తెలుసు కళై, నా పక్క మగ్గానికి వస్తాది. మగ్గం నాకు అన్నం పెట్టినాది, దాన్ని తప్పుగా చెప్పను. అయినా ఆ పిల్ల చెవులు నా చెవులు కావద్దు.

ముత్తు పిల్లను కొట్టినాడు. నేను అడ్డం పోయినాను. ఆ పరీక్ష నువ్వు చేసిందే కదా. ఏమన్నా చెయ్యి.

చిన్నమ్మ


హైదరాబాదు
12 సెప్టెంబరు 2024

చిన్నమ్మకు నమస్కారం.

విషయం తెలిసి బాధపడ్డాను. ఇలక్కియా మన ఇంటి పిల్ల కదా అని మార్కులు మార్చడం కుదరదు. అలా అడగకూడదు కూడా. ఈ పరీక్షను పన్నెండు వందల మంది పిల్లలకు పెట్టి చూశాం. ఒకే పిల్లకు ఇద్దరు వేరువేరుగా మార్కులు వేస్తే ఎంత దగ్గరగా వస్తున్నాయో లెక్కగట్టాం. పెద్దలు పరిశీలించి సరేనన్న తర్వాతే బయటికి ఇచ్చాం. కొలబద్ద సరైనదే.

పిల్ల బెదిరి ఉంటుంది. సాధన కావాలి. ఆరు బొమ్మల పుస్తకాలు పంపుతున్నాను. రోజూ పక్కన కూర్చోబెట్టుకొని అడిగి చెప్పించు. ముత్తన్నను పిల్లమీద చెయ్యి చేసుకోవద్దని చెప్పు.

జనవరి దాకా నాకు ఊపిరాడదు.

ఇట్లు,
కళైసెల్వి


రాజపాళయం
14 అక్టోబరు 2024

"ఇట్లు కళైసెల్వి" గారికి,

తాలూకా ఆఫీసుకి రాసే అర్జీలాగా రాసినావే! తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు ఉన్నాది నీ జాబు. మార్కులు మార్చమని నేను ఎప్పుడు అడిగినాను? గుడ్డలో ఒక పోగు తెగినా పక్కకు తీసి పెట్టే చెయ్యి నాది. దొంగ మార్కు నాకెందుకు?

ఇప్పుడు కూర్చొని నిదానంగా చదువు.

నీ పుస్తకాలు వచ్చినాయి. నువ్వు చెప్పినట్టే పిల్లను పక్కన పెట్టుకొని "ఇదేంది చెప్పు" అన్నాను. చెప్పలేదు. ఇంగ్లీషు పోనీలే, తమిళంలో చెప్పు అన్నాను. చెప్పలేదు. మన మాటలోనే చెప్పవే అన్నాను. ఊహూఁ! ఏనుగు బొమ్మ కళై, ఏనుగు! అప్పుడు నాకు తట్టినాది, ఇది ఇంగ్లీషు సంగతి కాదే అని. "ఎందుకే చెప్పవు?" అని గడ్డం పట్టుకొని అడిగినాను. ఆ పిల్ల అన్నాది, "అవ్వా, నువ్వు చూస్తానే ఉన్నావు కదా. నువ్వు చూసేదాన్ని నీకే చెప్తే, అదికప్రసంగీ అని తలమీద మొట్టుతావు కదా."

మొట్టింది నేనే. మన వీధిలో ఏ పిల్లనైనా ఇట్లనే పెంచుతాము. పెద్దవాళ్ళ కంటి ముందర ఉన్నదాన్ని పెద్దవాళ్ళకి చెప్పకూడదు. నీకు ఆరేండ్లప్పుడు తాత ఆకులో అన్నం అయిపోయినాది, తాత చూస్తానే ఉన్నాడు, "తాతా, అన్నం అయిపోయినాది" అని నువ్వు అరిచినావు. నా మొట్టు తగిలినాది. హైదరాబాదు నీళ్ళు తాగినాక అదంతా మరిచినావు.

షెడ్డులో నా సంగతే చూడు. గుడ్డను వెలుతురు బల్ల మీద పరిచి తప్పులు చూస్తాను. బొమ్మయ్య నా భుజం పక్కన నిలబడి గుడ్డను చూస్తా ఉంటే నేను నోరు తెరవను. ఆయనకి కళ్ళు లేవా? అదే ఆయన అవతల మూలలో నోటుబుక్కు పెట్టుకొని కూర్చుంటే, మగ్గాల సద్దుకి మించి అరుస్తాను: మూడో గజంలో పోగు తెగినాది, అయిదో గజంలో నూనె మరక అని. నేను ఒకతినే, గుడ్డ ఒకటే. మరి నాకు మాట వచ్చినట్టా రానట్టా?

ఆయుధపూజకి మగ్గాలు ఆపి, బొట్టు పెట్టి, బొరుగులు పంచినారు. ఆ దినం ధనం టీచరమ్మను ఇంటికి రమ్మన్నాను. వాళ్ళలాంటి పెద్ద ఇంటినుంచి మన వీధికి ఒకరు వచ్చి కూర్చోవడం అదే మొదలు. పక్కింట్లో అడిగి కుర్చీ తెచ్చినాను. మధ్యలో గుడ్డ కడదామంటే మన బండేజు గుడ్డలోనుంచి అంతా కనబడతాది, దేనికి పనికొస్తాది! బండేజు అట్టపెట్టె మూత ఒకటి నిలబెట్టినాను. అవతల టీచరమ్మ, ఇవతల బొమ్మ పెట్టుకొని ఇలక్కియా. "నాకు ఏమీ కనబడలేదు, ఏమి ఉన్నాదక్కడ?" అని టీచరమ్మ ఇంగ్లీషులో అడిగినాది. పిల్ల ఏం చేసినాదో తెలుసా? లేచి, అట్ట పైనుంచి తొంగి చూసినాది, నిజంగా టీచరమ్మకి బొమ్మ కనబడడం లేదా అని! కనబడడం లేదని రూఢి చేసుకొని, కూర్చొని, మొదలుపెట్టినాది. పావుగంట. టీచరమ్మ కాఫీ చల్లారిపోయినాది. నాకు ఒక్క ముక్క తెలియలేదు, చెవికి సగం చేరలేదు, అయినా పిల్ల నోరు ఆగకుండా ఆడడం కళ్ళతో చూసినాను. "ఇరవైరెండేండ్లుగా ఈ వీధి పిల్లలకి మాట రాదనుకొన్నాను మునియమ్మా" అని టీచరమ్మ కళ్ళు తుడుచుకొన్నాది.

కొలబద్ద సరైనదే అన్నావు. తలకిందులుగా పట్టుకొని కొలిచినా సరైనదేనా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నువ్వు రచ్చలో గెలిచి ఇంట ఓడినావే, నా తల్లీ.

మునియమ్మాళ్


హైదరాబాదు
2 నవంబరు 2024

చిన్నమ్మా,

నీ జాబు మూడుసార్లు చదివి ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది, నామీదే. సెప్టెంబరులో నేను రాసిన జాబును నువ్వు పొయ్యిలో పెట్టి ఉంటే బాగుండును.

నీకు అప్పుడు చెప్పని సంగతి ఒకటుంది. నా వ్యాసంలో అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది, జవాబు చెప్పని పిల్లలను లెక్కలోంచి తీసేశామని. నోరే విప్పకపోతే కొలిచేందుకు ఏముంది అనుకున్నాను. పన్నెండు వందల మందిలో తొంభైనాలుగు మంది. ఒక్క మీట నొక్కి తీసేశాను. అందుకే లెక్క అంత అందంగా కుదిరింది. బడివాళ్ళు మాత్రం అదే మౌనానికి సున్నా వేశారు. పోయిన వారం కూర్చుని ఆ తొంభైనాలుగు మంది పేర్లు తీశాను, బళ్ళకు ఫోన్లు చేశాను. డెబ్బైమూడు మంది మనలాంటి ఇళ్ళవాళ్ళే. నాలుగు జిల్లాల్లో, నాలుగు రకాల పనులు చేసుకునే ఇళ్ళు. మొట్టికాయ ఒకటే.

ఇంకొకటి చెప్పనా? నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన తాను రాసిన పుస్తకం గురించే నన్ను అడిగాడు. ఆయన రాసినదాన్ని ఆయనకే ఎలా చెప్పేది అని తల వంచుకున్నాను. ఏమీ రాదనుకుని పంపేశారు. నీకు మాత్రం ఇంకెవరో తెలిసినవాళ్ళకు ఇచ్చుకున్నారని రాశాను. నాకు జరిగినదాన్నే నా చేత్తో తొంభైనాలుగు మందికి చేశాను చిన్నమ్మా.

మా శాఖ పెద్ద రాజగోపాల సారుకు అంతా చెప్పాను. మంచివాడే. "జనవరి దాటనీ అమ్మా. ప్రొఫెసరువయ్యాక దీన్నే ఇంకో వ్యాసంగా రాయి. ఇప్పుడే నా పరీక్ష తప్పు అన్నావంటే నీ కాళ్ళకింది చాప నువ్వే లాక్కున్నట్టు" అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. మళ్ళీ ఇలాంటి అవకాశానికి ఆరేడేళ్ళు పడుతుంది. ఒకరోజంతా ఊగిసలాడాను, నీ దగ్గర దాచను. జూన్ వస్తుంది కదా, ఆ వెనక గది తలుపు తెరుస్తారు కదా అని గుర్తొచ్చాక ఊగడం ఆగింది.

డిసెంబరు ఏడున వస్తున్నాను. పదకొండు మందికీ అట్ట పెట్టి పరీక్ష చేద్దాం. నేను గదిలో ఉండను, ధనం టీచరమ్మ అడుగుతుంది. పిల్లల మాటలు రికార్డు చేసి, పేరూ ఊరూ చెప్పకుండా, మన ఊరిని ఎప్పుడూ చూడని ఇద్దరికి పంపుతాను. మార్కులు వాళ్ళు వేస్తారు. నీ చెయ్యి ఎంత శుభ్రమో నా చెయ్యీ అంతే శుభ్రంగా ఉండాలి.

క్షమించు అని రాయను, మొట్టుతావు.

నీ కళై


రాజపాళయం
19 నవంబరు 2024

మా కళైకి,

రా. అట్టపెట్టెలు అడిగినాను, బొమ్మయ్య పన్నెండు ఇచ్చినాడు, "ఒకటి చినిగితే ఇంకొకటి" అని. మోకాలి మందు మరవొద్దన్నాడు.

పదకొండు ఇళ్ళకీ పోయి చెప్పినాను. ఎవరూ పిల్లలకి ఏమీ నేర్పించవద్దు, భయపెట్టవద్దు, తల దువ్వి పంపండి చాలు అని. కుమారేశన్ అమ్మ మాత్రం "మావాడు ఇంట్లోనే మాట్లాడడే" అని ఏడుస్తా ఉన్నాది. చూద్దాం అన్నాను.

చాప సంగతి రాసినావు. మన ఇంట్లో చాప ఎప్పుడు ఉన్నాది, లాగితే పడడానికి? నేల మీద పడుకొన్నవాళ్ళు ఎక్కడనుంచి పడతారు?

ఉప్పుచేప ఎండబెట్టి పెట్టినాను.

చిన్నమ్మ


హైదరాబాదు
26 జనవరి 2025

చిన్నమ్మా,

ముందు మార్కులు. ఇలక్కియాకు పదహారు. తనతో కలిపి పది మందికి పన్నెండు దాటింది. కుమారేశన్‌కు తొమ్మిది. వాడికి నిజంగానే సాయం కావాలి, ధనం టీచరమ్మ సాయంత్రాలు చెబుతానంది. వాళ్ళమ్మకు చెప్పు, అది సున్నా లాంటిది కాదు, నిజమైన తొమ్మిది.

ఇప్పుడు మొన్నటి కథ. సంఘంలో అయిదుగురు. గదిలో చల్లటి గాలి, పొడుగాటి బల్ల. నా సంచిలో మీ షెడ్డు అట్టమూత, అంచున నూనె మరకతో సహా. కూర్చోగానే చెప్పేశాను: "మీ ముందున్న వ్యాసంలో ఒక తప్పుంది. తొంభైనాలుగు మంది పిల్లలను నేను లెక్కలోంచి తీసేశాను. వాళ్ళకు మాట వచ్చు. నా పరీక్షకే వాళ్ళను అడగడం రాదు." రాజగోపాల సారు కళ్ళు మూసుకున్నాడు.

వాళ్ళలో అందరికన్నా పెద్దాయన, తెల్లగడ్డం, ముందుకు వంగి, "పదేళ్ళ పిల్లకు బొమ్మ చూపి ఇదేమిటని అడిగితే చెప్పడానికి అడ్డేముంటుందమ్మా? రాకపోతేనే కదా చెప్పరు?" అన్నాడు. నేను వాదించలేదు. సంచిలోంచి బొమ్మ తీసి ఆయనకూ నాకూ మధ్య బల్ల మీద పెట్టాను. ఏనుగు బొమ్మే. "సార్, ఇందులో ఏముందో దయచేసి చెప్పండి" అన్నాను. ఆయన బొమ్మను చూశాడు. నన్ను చూశాడు. నవ్వి, "నువ్వూ చూస్తున్నావు కదమ్మా, నేను చెప్పేదేముంది?" అన్నాడు.

అన్నాక ఆగిపోయాడు. ఒకావిడ ముందు నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు, ఆయన నోటిమీద చెయ్యి పెట్టుకున్నాడు. అప్పుడు అట్ట నిలబెట్టాను. "ఇప్పుడు చెప్పండి సార్, నాకు కనబడటం లేదు." ఆయన ఏనుగు గురించి, మావటివాడి గురించి, వెనకాల ఉన్న కొబ్బరిచెట్ల గురించి, తన చిన్నప్పుడు వాళ్ళ ఊరికి వచ్చిన ఏనుగు గురించి చెప్పుకుంటూ పోయాడు. గడియారం చూసి వాళ్ళే ఆపారు.

ఆ తర్వాత పదకొండు మంది రికార్డులలోంచి ఇలక్కియాది వినిపించాను. బొమ్మలోని చేపలమ్మే ఆమె ఎందుకు కోపంగా ఉందో తనే కథ కల్పించి చెబుతుంది కదా, ఆ చోటు. "ఈ పిల్లకు సున్నా వేశామా?" అని పెద్దాయన అడిగాడు. "వేశాను సార్" అన్నాను.

ఎవరి ఆలోచన ఇది అన్నారు. బండేజు గుడ్డలో తప్పులు పట్టే ఎం. మునియమ్మాళ్, రాజపాళయం అని చెప్పాను. రాసుకున్నారు. కొత్త వ్యాసంలో నీ పేరు నా పేరు పక్కనే ఉంటుంది, వద్దంటే వినను.

నన్ను ఏం చేస్తారో తెలియదు. నిజం చెబుతున్నాను, బయటికి వచ్చి రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నాను.

నీ కళై


రాజపాళయం
9 మార్చి 2025

మా తల్లి కళైకి,

నువ్వు ప్రొఫెసరు అయినావని ధనం టీచరమ్మ వీధిలోకి పరుగెత్తుకొని వచ్చి చెప్పినాది! తొందరలో కాలికొక రకం చెప్పు వేసుకొన్నాది. నువ్వు మాత్రం ఒక ముక్క రాయలేదు. ఎవరి పెంపకం!

ఇక్కడి సంగతులు విను. నలభై పళ్ళికూడాల్లోనూ ఆ సున్నాలన్నీ కొట్టేసినారంట, అట్ట పెట్టి మళ్ళీ చేస్తారంట. మన పళ్ళికూడంలో వెనక గది లేదు, కార్డులో ఆ రాత లేదు. హెడ్మాస్టరు వాత్తియారు ఇలక్కియాను పిలిచి, "ఇన్నాళ్ళు ఎందుకమ్మా మాట్లాడలేదు?" అని అడిగినాడంట. "మీరు మీకు తెలియనిది ఏమీ అడగలేదు సార్" అన్నాదంట! మొట్టుదామని చెయ్యి ఎత్తినాను. దించేసినాను. ముత్తు ఆ మాటను మిల్లులో అందరికీ చెప్పుకొని తిరుగుతా ఉన్నాడు, కొట్టిన చెయ్యి అది.

బొమ్మయ్య నలభై మూతలు కట్ట కట్టి పెట్టినాడు, పళ్ళికూడానికి ఒకటి. ప్రతి దాని మీద మన షెడ్డు పేరు ఉన్నాది. మందు పనిచేసినాదంట, మోకాలు బాగున్నాది.

నా పేరు అచ్చులో వేస్తావంట. వెయ్యి. వద్దనను. ముప్పైనాలుగేండ్లు తప్పులు పట్టినాను, ఒక కాగితంలో కూడా నా పేరు లేదు.

కళై, ఒకటి రాయాలి. నువ్వు నా కళ్ళ ముందరే పెరిగినావు. తెల్లారక ముందే లేచి చదివేది చూసినాను, నా చీర కట్టుకొని కాలేజీకి పోయేది చూసినాను. నువ్వూ నన్ను చూస్తానే ఉన్నావు. ఇద్దరికీ కనబడేదాన్ని చెప్పేదేముందని ఏనాడూ నోరు తెరవలేదు. మొట్టడానికి మాత్రం తెరిచినాను.

ఇప్పుడు మధ్యలో అట్ట ఉన్నాది కదా. నువ్వు అక్కడ, నేను ఇక్కడ, నా మొగం నీకు కనబడదు. అందుకని చెప్తాను. నువ్వంటే నాకు ప్రాణం. నా కడుపున పుట్టలేదన్న ఒక్క కొరత తప్ప నీలో నాకు ఏ కొరతా లేదు. ఈ వీధిలో నీలాంటిది పుట్టలేదు. నువ్వు నడిచి వస్తుంటే నాకు గర్వం ఆగదు, అందుకే అప్పుడు "చెప్పులు బయట విడువు" అని అరుస్తాను.

ఇది చదివి ఫోను చెయ్యొద్దు. నాకు వినబడదు. రాయి.

నీ అమ్మ,
మునియమ్మాళ్